బాలమణి ఆకు గిన్నెలు

మా వదిన బాలమణి గురించి కాలనీలో ఎవరిని అడిగినా మొండిది అంటారు. ఆమె అత్త, అంటే మా అమ్మ, బతికున్నన్నాళ్లూ ఆ మాటకు ముందు ఇంకో రెండు మాటలు తగిలించి చెప్పేది. నేను ఆమె మరిదిని. నా పెళ్లికి ముందు చాలా ఏళ్లు ఆమె చేతి వంట తిన్నవాణ్ణి, కాబట్టి నా మాటకు కొంచెం విలువ ఉండాలి. నా దృష్టిలో ఆమె మొండిది కాదు. ఫలానా పని అన్యాయంగా ఉందని ఆమె అంటే, అది ఎప్పటినుంచో అట్లాగే జరుగుతోంది కదా అని ఎదుటివాళ్లు అంటారు. ఆ మాటకే ఆమెకు ఒళ్లు మండుతుంది. సోలాపూర్‌లో నేతవాళ్ల వాడల్లో ఎప్పటినుంచో జరుగుతున్నవి తప్ప వేరే ఏమున్నాయి? అందుకే ఆమెకు రోజూ ఎక్కడో ఒకచోట గొడవే.

మా తాతలు సిరిసిల్ల వైపు నుంచి ఈ మరాఠీ ఊరికి వచ్చి కుంఠా నాకా దగ్గర పడ్డారు. మా అన్న లింగయ్య పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తాడు. నోరు తెరిస్తే మగ్గం ఆగిపోతుందేమోనని భయపడే రకం. నేను సైజింగ్‌లో పని చేస్తాను, అంటే పడుగు నూలుకు గంజి పట్టించే చోట. వదినది బీడీల పని. పుట్టింట్లో చుట్టింది, అత్తింట్లో చుట్టింది, కుంభారి దగ్గర రాయనగర్ కాలనీలో మాకు పక్కపక్కనే ఇళ్లు వచ్చాక అక్కడా చుట్టింది. గోడలు మారాయి గానీ ఒళ్లోని బీడీల చేట మారలేదు.

ఆమెకు కోమల్ ఒక్కతే కూతురు. ఆ పిల్ల పుట్టిన రోజు నుంచి వదినకు ఒకటే పంతం, కోమల్ చేట ముట్టగూడదని. మా వాడల్లో ఆడపిల్లకు పలక కంటే ముందు కత్తెర అలవాటవుతుంది. కోమల్ చిన్నప్పుడు ఆడుకుంటూ కత్తెర పట్టుకుని తునికాకు కొయ్యబోతే వదిన చేతిమీద ఒక్కటి వేసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. బీడీ చుట్టడం రాని పిల్లను ఎవరు చేసుకుంటారని మా అమ్మ నిలదీసింది. ఆ రోజుల్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల మొహం కంటే ముందు పిల్ల వేళ్లు చూసేవాళ్లు.

"చుట్టరాకున్నా చేసుకునేటోడే కావాలె అత్తమ్మా," అంది వదిన. "లేకుంటె పెండ్లే వద్దు."

ఆ మాట మీద మా అమ్మ వారం పాటు కోడలితో మాట్లాడలేదు. వదిన పట్టించుకోలేదు. కోమల్ బడికి పోయింది, తరువాత హోట్గి రోడ్ వైపు కాలేజీకి పోయింది. చేట మాత్రం ముట్టలేదు.

గిన్నెల సంగతి మొదలైంది నా ఎగతాళితోనే. బీడీకి ఆకు కోసేటప్పుడు తడిపిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి, దాని అంచు వెంబడి కత్తిరిస్తారు. పనికొచ్చే ముక్క తక్కువ, కింద రాలే ఆకుపొట్టు ఎక్కువ. ఆ పొట్టు కొంత నీళ్ల పొయ్యిలోకి పోయేది, మిగిలింది మోరీలో పడి వానాకాలం కాలనీ అంతా కంపు కొట్టేది. ఇంత ఆకు అడవిలో ఎవరో ఎండలో వంగి కోసింది, తెచ్చి మోరీలో పోయడమేమిటని వదిన గొణిగేది. అప్పుడు నేను సైజింగ్‌లో జరిగేది చెప్పాను. ఇప్పుడు మా దగ్గర పడుగుకు సంచుల్లో వచ్చే మందు కలుపుతారు. అది నీళ్లలో కరిగే ప్లాస్టిక్ లాంటిది. మా నాన్న కాలంలో చింతగింజల పిండి ఉడకబెట్టి గంజి చేసేవారు. ఆ గంజి పట్టిన నూలు ఎండితే కర్రలా నిలబడేది. ఆ గంజి పోస్తే మీ ఆకుపొట్టు కూడా అట్ట కడుతుంది, దాంతో ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు అని నవ్వాను.

నేను నవ్విన మాటలు ఆమె పని మాటలుగా తీసుకుంటుందని ఇన్నేళ్లయినా నాకు బుద్ధి రాలేదు. మర్నాడే చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పిండి పట్టించుకొచ్చింది. ఆకుపొట్టును బట్టల సోడా వేసి మెత్తబడే దాకా ఉడకబెట్టి, కడిగి, రోట్లో దంచింది. మగ్గాల కింద పేరుకునే దూది బూరును అన్న సంచిలో నింపి తెచ్చేవాడు. కాలనీ మలుపులో తలుపులు చేసే వడ్రంగి దగ్గర రంపపు పొట్టు అడిగి తెచ్చింది. అన్నీ గంజిలో పిసికి, రెండు స్టీలు గిన్నెల మధ్య పెట్టి నొక్కి ఎండబెట్టింది. మొదటివి ముట్టుకుంటే విరిగాయి. తరువాతివి బూజు పట్టాయి. ఆ తరువాతివి చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ నీళ్లు పోస్తే ఉబ్బి, ఉప్మా అయ్యాయి.

మా లైన్లో నవ్వనివాళ్లు లేరు. పక్కింటి ద్రౌపది, ఆమె కూడా బీడీలే చుడుతుంది, బజారులో ప్లాస్టిక్ గిన్నెలు బోలెడు దొరుకుతుంటే ఈ పెంటేమిటని గోడ మీదనుంచి అడిగేది. వదిన మూతపడ్డ పుస్తకాల బైండింగ్ దుకాణం నుంచి, మర తిప్పి బిగించే పాత ప్రెస్సు ఒకటి తెప్పించింది. దాని కింద పెనం పెట్టి కాచి, వేడి మీద గిన్నెను బిగించి నొక్కింది. ఆ వేడికి గంజి కరిగి, నార నారనూ పట్టుకుంది. అప్పుడు వచ్చింది అసలైన గిన్నె. గోధుమరంగు, గట్టి అంచు, కింద పడితే టక్కుమని చప్పుడు. ఒక పూటంతా పెరుగు పోసి ఉంచినా మెత్తబడలేదు. తిని పారేస్తే వేపచెట్టు మొదట్లో వానకు మట్టిలో కలిసిపోయింది. నవ్విన ద్రౌపదే వచ్చి ప్రెస్సు తిప్పడం మొదలుపెట్టింది. నేనూ నవ్వడం మానేశాను. నిజం చెప్పాలంటే నాకు చాలా గర్వంగా అనిపించింది.

వదిన లెక్క సూటిగా ఉండేది. గిన్నెలు నిలబడితే చేట ఎత్తి అటక మీద పెట్టేస్తుంది. కోమల్ చదువు అయిపోయాక, ఏ ఉద్యోగమూ దొరకలేదని చివరికి ఆ పిల్ల కూడా చేట ముందు కూర్చునే గతి రాదు. మా వాడల్లో చదువుకున్న ఎంతోమంది అమ్మాయిలకు పట్టిన గతి అదే మరి.

హోట్గి రోడ్డులో అమోల్ అని మరాఠీ అబ్బాయిది పాల దుకాణం ఉంది. శ్రీఖండ్, బాసుంది లాంటి పాల మిఠాయిలు అమ్ముతాడు. ప్లాస్టిక్ డబ్బాల మీద తనిఖీలు ఎక్కువై విసిగి ఉన్నాడు. గిన్నెను వేలితో కొట్టి చూసి, ఎండకు ఎత్తి చూసి, సంబరపడ్డాడు. అగరొత్తుల పొగ నిండిన దుకాణంలో నిలబడి చూశాడు కాబట్టి అంతకు మించి అతనికీ ఏమీ తెలియలేదు. రెండు సంచుల గిన్నెలు ఇచ్చి వచ్చాం. ఆ రోజు వదిన బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి హోటలునూ నాకు చూపించింది.

రెండు రోజులకు అమోల్ ఫోన్ చేసి రమ్మన్నాడు. నేనూ వెంట వెళ్లాను. అతను కోప్పడలేదు. ఫ్రిజ్ తెరిచి, బాసుంది పోసి మూతపెట్టిన గిన్నెలు మా ముందు పెట్టాడు. కొన్నవాళ్లు తిరిగి తెచ్చి ఇచ్చారట. ఒకావిడ మనవడి నోట్లోది కక్కించి మరీ తెచ్చిందట.

"మావ్శీ, తంబాకూచా వాస్ యేతోయ్," అన్నాడు, పిన్నీ, తంబాకు వాసన, అదే పొగాకు వాసన వస్తోందని.

వదిన చెంచా తీసుకుని తిన్నది. మళ్లీ తిన్నది. గిన్నె ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చింది. తనకేమీ రావడం లేదంది. నా చేతికిచ్చింది. నాకు యాలకుల వాసన వచ్చింది, పాల వాసన వచ్చింది, అంతే. అదే చెప్పాను. అమోల్ మేం బుకాయిస్తున్నామనుకుని మొదట చిరాకు పడ్డాడు. తరువాత మా ఇద్దరి మొహాలూ చూశాడు. మేం అబద్ధం ఆడడం లేదని అతనికి అర్థమైంది. అతని చూపులో కోపం పోయి జాలి వచ్చింది. అతను కోప్పడి ఉంటే వదిన తట్టుకునేది. ఆ జాలిని మాత్రం తట్టుకోలేక గిన్నె పట్టుకుని దుకాణం దిగి వచ్చేసింది.

కాలనీకి వచ్చి ఆ గిన్నెను లైన్లో అందరి ముక్కుల దగ్గరా పెట్టింది. ద్రౌపది వాసన చూసింది, మా ఆవిడ చూసింది, పక్క లైన్ నుంచి వచ్చిన బీడీ పనివాళ్లు చూశారు. ఒక్కరికీ రాలేదు. ఆకు ఇంట్లోనే తడుపుతారు, ఇంట్లోనే కోస్తారు, అదే గదిలో తంబాకు విప్పి చుడతారు, అదే గదిలో వండుకుని నిద్రపోతారు. తంబాకు ధూళి పడని గరిట లేదు, దుప్పటి లేదు. వాసన ఎప్పుడూ ఉంటే ఇక ముక్కుకు తెలిసేదేముంది? ద్రౌపది మాత్రం అమోల్ నాటకాలాడుతున్నాడని తేల్చేసింది. వదినకు కూడా ఆ మాట నమ్మాలనే ఉంది. నమ్మితే సుఖం.

అప్పుడే కోమల్ కాలేజీ నుంచి వచ్చింది. వదిన మొహం విప్పారింది. తంబాకు ముట్టని మనిషి ఇంట్లో ఉంది కదా, ఆమె ముక్కు అబద్ధం చెప్పదు. కూతుర్ని కూర్చోబెట్టి గిన్నె చేతికిచ్చింది.

"ఏం వాసనొస్తుంది బిడ్డా?"

కోమల్ చూసి, "ఇలాచి," అంది. "జర ఆకు వాసన."

"తంబాకు?"

"లేదమ్మా."

వదిన మళ్లీ చూడమంది. కోమల్ మళ్లీ చూసి లేదనే చెప్పింది. తరువాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"కాలేజిల నా పక్కన కూసునే పోరి అడుగుతది, మీ ఇంట్ల ఎవరన్న బీడీ తాగుతరా అని. లేదంట నేను. మనింట్ల ఎవరు తాగరు గద."

వదిన గిన్నె వెనక్కు తీసుకుంది. కూతుర్ని చేయి పట్టుకుని ఆపింది, కొట్టి ఆపింది, అత్తతో పోట్లాడి ఆపింది. పిల్ల చేట ముట్టలేదు గానీ, తంబాకు ఆ పిల్ల పుట్టకముందే ఇంట్లో చేరి కూర్చుంది. తాను కాపాడాననుకున్న ఇన్నేళ్లూ కాపాడింది ఏమీ లేదు. ఆమె ఆ సాయంత్రం వంట చేయలేదు. ఇంటి మధ్యలో నిలబడి గోడలకేసి, మంచం కోళ్లకేసి, కోమల్ పుస్తకాల అలమారకేసి చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే వదిన తంబాకు మూట, చేట, కోసిన ఆకు తీసుకుని బస్సెక్కింది. కుంఠా నాకా దగ్గర బీడీ కంపెనీ బ్రాంచి ఉంది. ఆడవాళ్లు చుట్టిన బీడీలు అక్కడ ఇచ్చి, ఆకు, తంబాకు తీసుకుపోతారు. అక్కడ లెక్కలు చూసే మునీము రామన్న మా వాడే, మా కులమే, నాకు చిన్నప్పటినుంచి తెలిసినవాడు. వదిన మూటను అతని ముందు పెట్టింది.

"ఆకు ఇయ్యి, ఇంట్ల కోసుకొస్త. తంబాకు నా గడప దాటది. ఈడ్నే ఇయ్యి, ఈ వరండల కూసోని చుడ్త."

రామన్న నవ్వాడు. ఆమె వరండాలో చేట పెట్టుకుని కూర్చున్నాక నవ్వు ఆపాడు. పక్కకు వచ్చి మెల్లగా నచ్చజెప్పాడు. ఇంట్లో చుడితే అది ఇంటి పని. కంపెనీ అరుగు మీద కూర్చుని చుడితే అది కారఖానా అవుతుంది. కారఖానా అయితే గాలి రావాలి, వెలుతురు రావాలి, తాగునీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి, ఎవరో వచ్చి తనిఖీ చేస్తారు. కంపెనీ సేట్లు ఒప్పుకోరు. ఎప్పటినుంచో ఇళ్లల్లోనే చుడుతున్నారు కదా అక్కా, అన్నాడు. అనకూడని మాట అదేనని పాపం అతనికి తెలియదు.

"కారఖానా ఐతె కానీ," అంది వదిన. "ఇన్నొద్దులు నా ఇల్లే మీ కారఖానా. నా పొయ్యి, నా మంచం, నా బిడ్డ ముక్కు. ఇగ చాలు."

రామన్న బ్రాంచి నీళ్ల నల్లాకు తాళం వేశాడు. ఆమె ఇంటి నుంచి సీసాలో నీళ్లు తెచ్చుకుంది. ఎండ మొహాన కొడుతుంటే పాత చద్దరు తెచ్చి స్తంభాలకు కట్టుకుంది. రామన్న బీడీలు సరిగా లేవని చేటెడేసి పక్కకు తీసి పడేశాడు. ఇన్నేళ్లు సరిగా ఉన్న చేయి వరండాలో కూర్చోగానే ఎందుకు చెడిపోయిందని ఆమె అందరిముందూ అడిగింది. వాడు లెక్కల పుస్తకంలో తలదూర్చాడు. నాకు వాణ్ణి చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది, ఇప్పుడు కూడా అనిపిస్తుంది.

మా అన్న మాత్రం భయపడ్డాడు. ఆకు ఆపేస్తే ఇల్లెట్లా గడుస్తుందని నన్ను పంపాడు, వదినకు చెప్పి రమ్మని. నేను వెళ్లి, పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, నాలుగు మంచి మాటలు చెప్పాను. ఆమె విని, పక్కనున్న దారపుండ నా చేతిలో పెట్టి, చిక్కు తియ్యమంది. సాయంత్రం దాకా చిక్కు తీస్తూ కూర్చున్నాను. తిరిగి వెళ్లి అన్నకు ఆమె వినలేదని చెప్పాను.

రామన్న చివరికి పేరు కొట్టేస్తానన్నాడు. ఆమె లేచి నిలబడింది.

"కొట్టెయ్యి రామన్నా. కొట్టేసినట్టు కాయితం రాసియ్యి. ఎందుకు కొట్టేసినవో గది గూడ రాయి. తంబాకు ఇంటికి తీస్కపోనన్నదని రాయి."

రామన్న రాయలేదు. అట్లాంటి కాయితం తనిఖీవాళ్ల చేతికి చిక్కితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఆ మర్నాడు ద్రౌపది చేటతో బస్సు దిగింది. అమోల్‌ను తిట్టిన ద్రౌపదే. ఎవరూ పిలవలేదు, వచ్చి వదిన పక్కన చద్దరు నీడలోకి జరిగి కూర్చుంది. ఆమె వెనక ఇంకొందరు వచ్చారు. కొన్నాళ్లకు రామన్న నల్లా తాళం తీశాడు. సేట్లు ఒప్పుకున్నారని కాదు. వరండా కారఖానా కాలేదు, దానికి కిటికీలూ రాలేదు. వాళ్లు ఆ ఆడవాళ్లను చూసీ చూడనట్టు పోవడం నేర్చుకున్నారు, అంతే. అది గెలుపని నేనంటే వదిన ఒప్పుకోదు. మూసుకుపోయే తలుపును కాలితో ఆపి పట్టుకోవడం లాంటిదంటుంది.

ఇంటి దగ్గర ఇంకో యుద్ధం జరిగింది. వదిన గోడలకు సున్నం వేయించింది. మంచం విప్పి ఉడుకునీళ్లతో కడిగింది. పరుపు దూది పారేసింది. రోజూ బ్రాంచి నల్లా దగ్గర చేతులూ మొహం కడుక్కుని, చీర మార్చుకుని, పని చీరను సంచిలో కట్టి బస్సెక్కుతుంది. ఇంట్లో తునికాకు తడపడం, కోయడం మాత్రమే. కాబట్టి రాలిన పొట్టు ఇప్పుడు ఒట్టి ఆకు.

అయినా ఆ పొట్టుతో చేసిన గిన్నె బాగుందో లేదో చెప్పే ముక్కు మా దగ్గర లేదు. అందుకని చేసిన ప్రతిసారీ ఒక గిన్నె తీసుకుని అమోల్ దుకాణానికి వెళ్లేది. మాకు ముక్కు పనిచేయదు, పాలు పోసి నువ్వే చూసి చెప్పు అని అందరి ముందూ అడిగేది. సిగ్గుపడాల్సింది తను కాదని ఆమె అభిప్రాయం. మొదటిసారి ఇంకా వస్తోందన్నాడు. ఆకు బస్తాలు బ్రాంచిలో తంబాకు మూటల మీదే పడి ఉంటాయని అప్పుడు తట్టింది. ఆమె రామన్నతో మళ్లీ పోట్లాడి బస్తాలను వేరే మూలకు జరిపించింది. ఆకును రెండు నీళ్లలో కడిగి కోసింది. తరువాత కొద్దిగా వస్తోందన్నాడు. వానాకాలం మొదట్లో ఏమీ లేదన్నాడు, సంచి నిండా తెమ్మన్నాడు. మేం ఆ మాట నమ్మాం. వదిన పైకి నమ్మింది గానీ, ఆమెకు తెలుసుకోవాల్సింది గిన్నె సంగతి ఒక్కటే కాదు. కోమల్ ముక్కు బాగుపడిందా అన్న రెండో సంగతి ఆమె ఎవరినీ అడగలేదు, కోమల్‌ను అసలే అడగలేదు. అమోల్ దగ్గర్నుంచి తెచ్చిన ఆ పాత గిన్నెను ఎప్పుడైనా ఆ పిల్ల చేతికిచ్చి చూడమనాలని చేయి చాచి, మళ్లీ వెనక్కు తీసుకోవడం నేను చూశాను. లేదమ్మా అన్న మాట ఇంకోసారి వినడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. మునీముకు భయపడని మనిషి ఆ ఒక్కదానికి భయపడింది.

మొన్న బ్రాంచిలో నల్లా రాలేదు. వాన దంచికొడుతోంది, బస్సు పోతుందన్న తొందరలో వదిన చీర కూడా మార్చుకోకుండా ఎక్కేసింది. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. అన్న, నేను లోపల కూర్చుని టీ తాగుతున్నాం. కోమల్ తలుపు తీసింది. తీసి, ఒక అడుగు వెనక్కు వేసి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఛీ, ఏంది వాసన," అంది. "అమ్మా, ఆగు, లోపలికి రాకు. తంబాకు కంపు కొడ్తున్నవ్."

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. తల్లిని గడప దగ్గర నిలబెట్టి ఆ మాట అంటుందా అని నాకు కోపం వచ్చింది, కోమల్‌ను తిట్టబోయాను కూడా. వదిన చేయెత్తి నన్ను ఆపింది. తడిసి నీళ్లు కారుతున్న చీరతో వానలోనే నిలబడి ఉంది.

"మల్ల చెప్పు బిడ్డా," అంది. "ఏమొస్తుంది?"

"తంబాకు," అంది కోమల్, భయపడుతూ.

వదిన మెట్టు మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో వానలో తెలియలేదు. గోడ అవతలికి ద్రౌపదిని కేకేసి పిలిచింది, నా బిడ్డ నన్ను లోపలికి రానిస్తలేదు, వచ్చి చూడమని. ద్రౌపది గొడుగుతో వచ్చింది. ఆమె ముందు కోమల్‌తో ఆ మాట ఇంకోసారి చెప్పించింది.

ఆ తరువాత కోమల్ వెనక వాకిట్లో ఉడుకునీళ్లు పెట్టి, సబ్బు, వేరే చీర బయటే ఇచ్చి, తల్లి తలస్నానం చేసేదాకా గడప లోపలికి రానివ్వలేదు.